కుళ్లిన టమాటాతో కరెంటు

ప్రశ్న: పర్యావరణ స్టార్టప్‌ల వల్ల సుస్థిరాభివృద్ధికి నిజంగా ఒరిగేదేమిటి?
- ఒక విద్యార్థిని, అడిక్‌మెట్

జవాబు: ప్రయోగశాలలో పుట్టిన పద్ధతిని బజారు దాకా తేవడమే ఇలాంటి సంస్థల అసలు పని. అడిక్‌మెట్ నుంచి ఉస్మానియా క్యాంపస్ దాటితే వచ్చే తార్నాకలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. అక్కడి ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు తడిచెత్త నుంచి గ్యాస్ తీసే రియాక్టర్‌ను రూపొందించారు. దాన్ని బోయినపల్లి కూరగాయల మార్కెట్లో నెలకొల్పింది హైదరాబాద్‌కే చెందిన అహూజా ఇంజినీరింగ్ సర్వీసెస్ అనే సంస్థ.

మార్కెట్లో మిగిలిపోయిన కుళ్లు టమాటాలు, క్యాబేజీ ఆకులు, కొత్తిమీర కాడలు ముందు యంత్రంలో నలిగి గుజ్జవుతాయి. గాలి చొరబడని ట్యాంకులో సూక్ష్మజీవులు ఆ గుజ్జును తిని మీథేన్ ఉన్న గ్యాస్‌ను వదులుతాయి. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వస్తాయన్నది లెక్క. కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి, మిగిలిన మడ్డి ఎరువుకు. అదే చెత్త డంపింగ్ యార్డుకు చేరి ఉంటే ఆ మీథేన్ గాలిలో కలిసేది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా బలమైనది.

ప్రశ్న: చెత్త ఒక్కటేనా, ఇంకేమైనా రంగాలున్నాయా?

జవాబు: ఉన్నాయి. 2013లో హైదరాబాద్‌లో మొదలైన బన్యన్ నేషన్ పాత సామాన్లవాళ్ల నుంచి ప్లాస్టిక్ సేకరించి, శుద్ధి చేసి, మళ్లీ సీసాల తయారీకి పనికొచ్చే ముడిసరుకుగా మారుస్తుంది. చెత్త ఏరేవారి శ్రమకు లెక్క, విలువ దక్కడం ఇందులో ముఖ్యం. చిన్న రైతులకు తక్కువ ఖర్చుతో గ్రీన్‌హౌస్ అందించే ఖేతీ సంస్థ కూడా తెలంగాణదే. 2022లో అది పర్యావరణ పరిష్కారాలకు ఇచ్చే ఎర్త్‌షాట్ బహుమతి గెలుచుకుంది.

ప్రశ్న: వీటికి అడ్డంకి ఏమిటి?

జవాబు: డబ్బు కొంత, కలగలిసిన చెత్త చాలా. గుజ్జులో ప్లాస్టిక్ కవర్లు పడితే యంత్రం ఆగుతుంది, రసాయనాలు పడితే సూక్ష్మజీవులు చస్తాయి. తడి, పొడి వేరు చేయడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే తప్పనిసరి చేశాయి. ఆ పని వంటగదిలో జరగాలి, ప్లాంటులో కాదు. ఇంట్లో రెండో బకెట్ లేనివారు ఈ రోజే పెట్టుకోవాలి.