పోటీ పరీక్షల ప్రత్యేకం: డిజిటల్ అంతరం

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా ప్రజలు సందర్శించవచ్చు. స్లాట్‌ను ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, నేరుగా వెళ్లీ టికెట్ తీసుకోవచ్చు. ఈ రెండో దారి ప్రతి ప్రజాసేవకూ ఉండాలి. లేకుంటే ఇంటర్నెట్ లేనివారు హక్కుగా అందాల్సినవాటికీ దూరమవుతారు.

నిర్వచనం: ఆదాయం, లింగం, కులం, ప్రాంతం, వయసు, వైకల్యం కారణంగా ఇంటర్నెట్ అందుబాటులో, వాడే నైపుణ్యంలో, పొందే ప్రయోజనంలో ఏర్పడే తేడా.

గణాంకాలు
• జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 75వ రౌండ్ (2017-18): ఇంటర్నెట్ సౌకర్యమున్న కుటుంబాలు పట్టణాల్లో 42%, గ్రామాల్లో 14.9%.
• జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019-21): ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు దేశంలో 33.3%, తెలంగాణలో 26.5%, ఆంధ్రప్రదేశ్‌లో 21%. దేశంలో పురుషులు 57.1%.

కరోనా పాఠం: 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. టీవీ ఉన్న ఇంటికి పాఠం చేరింది. కానీ ఉన్న ఒక్క ఫోన్‌ను తండ్రి పనికి తీసుకెళ్తే, వాట్సాప్‌లో వచ్చిన హోంవర్క్ కోసం పిల్లలు రాత్రిదాకా ఆగాల్సిందే. ఇద్దరు పిల్లలుంటే ముందు ఎవరికన్నదీ సమస్యే.

కీలక తీర్పులు
• ఫహీమా షిరిన్ (2019, కేరళ హైకోర్టు): ఇంటర్నెట్ పొందడం విద్యాహక్కు, గోప్యత హక్కుల్లో భాగం.
• అనురాధా భాసిన్ (2020, సుప్రీంకోర్టు): ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు అధికరణ 19(1)(ఎ) రక్షణ.
• ప్రజ్ఞా ప్రసూన్ (2025, సుప్రీంకోర్టు): డిజిటల్ సేవల అందుబాటు అధికరణ 21లో భాగం.

పథకాలు: డిజిటల్ ఇండియా (2015), గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ అందించే భారత్‌నెట్, గ్రామీణ డిజిటల్ అక్షరాస్యతకు పీఎంజీదిశ (2017-24).

మెయిన్స్ ప్రశ్న: కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన డిజిటల్ సమానత్వం వస్తుందా? తెలుగు రాష్ట్రాల ఉదాహరణలతో చర్చించండి.