పెంపకం, పిల్లల మనసు: ఆదివారం ఫోన్‌లో మొదటి ప్రశ్న

మాది పత్తికొండ పక్కన పల్లె. ఇంటర్ రెండేళ్లూ ఇంటికి దూరంగా ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివినాను. ఆదివారం సాయంత్రం ఫోన్ కోసం లైన్లో నిలబడితే దొరికేది అయిదు నిమిషాలు. మా నాయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్నొచ్చినాయిరా?" ఫోన్ అవ్వ చేతికి పోతే మాత్రం "తింటివా నాయనా?" అనేది. సెకండియర్లో రెండు నెలల పాటు నాకు నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు, లెక్కలంటే ప్రాణమిచ్చేవాణ్ణి పుస్తకం తెరవలేకపోయినాను. దాన్ని డిప్రెషన్ అంటారని అప్పుడు తెలీదు. "సోమరితనం" అనుకున్నా, ఇంట్లోవాళ్లూ అదే అనుకున్నారు.

ఇప్పుడు మా తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడు. ఈమధ్య ఫోన్‌లో "ఊ", "సరే" తప్ప మాట్లాడటం లేదు. అందుకే ఈ విషయం కూర్చుని చదివినాను. చదివింది మీతో పంచుకుంటున్నా.

పెంపకాల మీద మొదట గట్టిగా పని చేసింది అమెరికాలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1960లలో ఆమె మూడు రకాల పెంపకాలను గుర్తించింది. 1983లో మెకోబీ, మార్టిన్ అనే ఇద్దరు దాన్ని రెండు కొలతల మీద పెట్టి నాలుగు చేశారు. ఒక కొలత ఆప్యాయత, రెండోది అదుపు. మన భాషలో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది:

1. అదుపు ఎక్కువ, ఆప్యాయత తక్కువ: "నేను చెప్పినాను, చెయ్. అంతే."
2. రెండూ ఉన్నది: "పదింటికల్లా ఇంట్లో ఉండాల. ఎందుకంటే..." అని కారణం చెప్పి, మన మాట కూడా వినేది.
3. ఆప్యాయత ఎక్కువ, అదుపు తక్కువ: అడిగిందల్లా ఇచ్చేది.
4. రెండూ లేనిది: పట్టించుకోనిది.

వీటిలో రెండో రకం ఇళ్లలో పిల్లలకు డిప్రెషన్ లక్షణాలు తక్కువగా కనిపిస్తాయని చాలా అధ్యయనాలు చెప్తాయి. మొదటి, నాలుగో రకాల్లో ఎక్కువ.

ఇక్కడ మన స్టాటిస్టిక్స్ సబ్జెక్టు గుర్తు తెచ్చుకోండి. 2007లో మెక్‌లియోడ్, వైస్, వుడ్ అనే ముగ్గురు 45 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. పిల్లల డిప్రెషన్‌లో కనిపించే తేడాల్లో పెంపకంతో ముడిపడింది సుమారు 8 శాతమే అని తేలింది. అంటే "తప్పంతా అమ్మానాన్నలదే" అనడం లెక్కప్రకారం చెల్లదు. వంశపారంపర్యం, ఇంట్లో చావులు, అప్పులు, బడిలో వేధింపులు, ఇవన్నీ ఉంటాయి. పైగా సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణం అనలేం. దిగులుతో ముడుచుకుపోయిన పిల్లవాణ్ణి చూసి తల్లిదండ్రులు విసుక్కోవడమూ జరుగుతుంది. బాణం రెండు వైపులా పోతుంది.

అదే అధ్యయనంలో నన్ను ఆపిన మాట ఇంకొకటి ఉంది. డిప్రెషన్‌తో ఎక్కువ ముడిపడింది అదుపు కాదు, తిరస్కారం. అందులోనూ ఈసడింపు. అంటే "టీవీ కట్టెయ్, చదువుకో" అనేది ఒకటి. "నువ్వు పుట్టి ఏం లాభం, పక్కింటోణ్ణి చూడు" అనేది వేరొకటి. మన ఇళ్లలో ఈ రెండూ ఒకే గొంతుతో వస్తాయి కాబట్టి తేడా తెలీదు.

ఇక మన సీమ సంగతి. ఆ నాలుగు గడులు మన ఊళ్లకు సరిగ్గా అతకవు. కోసిగి, మంత్రాలయం వైపు వానలు లేని ఏడు ఇంటికి తాళం పెట్టి, గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. రాయచోటి, రాజంపేట పక్క అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంటే, పిల్లోడు వీడియో కాల్‌లో పెరుగుతాడు. వీళ్లను నాలుగో గడిలో వేసి "పట్టించుకోని తల్లిదండ్రులు" అంటే పాపం తగులుతుంది. వాళ్లు పోయిందే పిల్లల కోసం. కానీ పిల్లవాడికి ఆ లోటు మాత్రం నిజమే. రెండూ ఒప్పుకోవాల. మా నాయన కూడా అంతే. బోరు ఎండిపోయి, శనగకాయ పంట పోయి, మిగిలిన ఆశ నా మార్కుల మీద పెట్టినాడు. ఆయన ప్రశ్న వెనక ఉన్నది భయం. నాకు వినపడింది మాత్రం మార్కులే.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని, తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలని అందులో ఉంది.

ఎట్లా గుర్తుపట్టాల? రెండు వారాలకు మించి దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, తిండి మారడం, "నా వల్ల ఏం కాదు" అనే మాట. పిల్లల్లో దిగులు బదులు చిరాకు కూడా కనిపిస్తుంది. ఇవి ఉంటే తిట్టొద్దు, బుజ్జగించి ఊరుకోనూ వద్దు. డాక్టరుకు చూపించాల. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే మాట ఎవరి నోట విన్నా మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పోయిన శనివారం మా నాయనకు ఫోన్ చేసినా. నా సెకండియర్ రెండు నెలల గురించి మొదటిసారి చెప్పినా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాకెందుకు చెప్పలేదురా" అన్నాడు. "నువ్వు అడగలేదు నాయనా" అన్నా. మర్నాడు తమ్ముడే నాకు ఫోన్ చేసినాడు: "అన్నా, ఈరోజు నాయన మార్కులు అడగలే. తింటివా అన్నాడు. ఇంట్లో ఏమన్నా అయిందా?" ఏం కాలేదని చెప్పి, నిద్ర పడుతోందా అని అడిగినా. పట్టట్లేదన్నాడు. ఈ ఆదివారం ఇద్దరం కలిసి వాడి దగ్గరికి పోతున్నాం.

మీ ఇంట్లోనూ ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈ వారం మొదటి ప్రశ్న మార్చి చూడండి.