ధార్మిక రంగస్థలముపై పశుపాత్రములు

శివునకు పశుపతి యని పేరు. శైవాగమములందు పశువనగా నాలుగు కాళ్ల జంతువు మాత్రమే కాదు. పాశముచే బంధింపబడిన జీవుడు. ఈ యర్థమును మనసునందుంచుకొని చూచినచో, మధ్యయుగమున దేవాలయ ప్రాంగణములలోను, జాతరలలోను ఆడబడిన నాటకములయందు జంతువులకు అంతటి స్థానమేల లభించెనో తెలియగలదు. అవి వినోదము కొరకు మాత్రమే వచ్చినవి కావు; చూచువానికి వాని స్వరూపమునే చూపుటకు వచ్చినవి.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున, శివరాత్రికి శ్రీశైలము చేరిన భక్తజనులు ప్రమథుల, పురాతన భక్తుల చరిత్రములను నాటకములుగా ఆడుటను, తెర వెనుక బొమ్మలాడించుటను వర్ణించియున్నాడు. ఆ భక్తుల కథలలో కొన్నిటియందు జంతువులును కలవు. సోమనాథుని బసవ పురాణమున కథానాయకుడైన బసవేశ్వరుడే నందీశ్వరుని అవతారము. వృషభ శబ్దమునకు బసవ యనునది తద్భవము. ఎద్దు పేరు గురువునకు పేరైనచోట జంతువును హీనముగా చూచుటకు తావెక్కడిది?

ఆ పురాణమునందే హావినహాళ కల్లయ్య వృత్తాంతమున్నది. వేదము తమ సొత్తని గర్వించిన వారి యెదుట ఆ భక్తుడు కుక్కచేత వేదము పలికించెను. ఇచ్చట కుక్క నవ్వు పుట్టించు పాత్రము కాదు. కులగర్వమునకు తీర్పు చెప్పు పాత్రము. ఇంగ్లండు దేశమునందలి చెస్టరు పట్టణమున మధ్యయుగమున ఆడిన బైబిలు నాటకములలోను ఇట్టిదొకటి కలదు. ప్రవక్తయైన బిలాముకు కనబడని దేవదూత అతని గాడిదకు కనబడును. దెబ్బలు తిన్న ఆ గాడిద నోరు విప్పి యజమానుని నిలదీయును. సముద్రముల కావల నున్న రెండు సమాజములు ఒకదాని నొకటి యెరుగకయే, మనుష్యుడు కానలేని సత్యమును మూగజీవి నోట పలికించినవి.

తెలుగు రంగస్థలమున జంతువు ముఖ్యముగా మూడు రూపముల వచ్చినది. మొదటిది వేషము. లభించిన తెలుగు యక్షగానములలో ప్రాచీనమైనదిగా ఎన్నబడు సుగ్రీవ విజయమును 16వ శతాబ్దమున కందుకూరి రుద్రకవి రచించెను. అందలి ప్రధానపాత్రములు వానరులు. వాలిని చూచి ప్రేక్షకుడు కోతియని నవ్వడు. అన్నదమ్ముల వైరమును తలచి కలత చెందును. తంజావూరు ప్రాంతమున మేలట్టూరు గ్రామములో తెలుగు భాగవత మేళము నేటికిని ప్రహ్లాద నాటకమును ఆడుచున్నది. అందు నరసింహుని సింహముఖమునకు పూజ జరుగును. దానిని ధరించు నటుడు ఉపవాసముండును. ముఖము మృగముది, తేజము దైవముది.

రెండవది తోలుబొమ్మ. జటాయువు, మాయలేడి, హనుమంతుడు దీపపు వెలుగులో తెరపై కదలాడుదురు. ఆ బొమ్మలు మేక, జింక మున్నగు జంతువుల చర్మముతో చేసినవి. మరణించిన జంతువు చర్మమే మరల పాత్రయై రామకథ చెప్పుచున్నదను భావము ఆలోచించువారికి చిన్న పాఠము కాదు.

మూడవది సజీవ జంతువు. సంక్రాంతి నాళ్లలో సికింద్రాబాదు, హైదరాబాదు వీధులకు వచ్చు గంగిరెద్దు ఇట్టిది. రంగువస్త్రములు, కొమ్ములకు అలంకారములు, మెడలో గంటలు ధరించి, సన్నాయికి తల యూపుచు, మోకాలు వంచి మ్రొక్కును. పిల్లలు దానిని బసవన్నా యని పిలుతురు. తాము పలుకునది ఒక మహాగురుని పేరని వారికి చెప్పవలసినది పెద్దలే.

ఈ పశుపాత్రములన్నిటిలో మన యింటింట విచారింపదగినది శ్రీకాళహస్తి కథ. శ్రీకృష్ణదేవరాయల కాలమున ధూర్జటి దీనిని కావ్యముగా చెప్పెను. సాలెపురుగు తన గూటితో శివునకు గుడి కట్టినది. పాము మణులతో పూజించినది. ఏనుగు నీటితోను, పత్రములతోను పూజించినది. పాము పెట్టిన మణులను ఏనుగు మాలిన్యమని త్రోసివేసెను. ఏనుగు పెట్టిన పత్రములు పాముకు అపచారముగా తోచెను. తుదకు పాము తొండమున జొచ్చెను, ఏనుగు దానిని రాతికి మోదుకొనెను, రెండును మరణించెను. శివుడు ఇరువురి పూజను గ్రహించి ఇరువురకు ముక్తినిచ్చెను.

ఇందు దుర్మార్గుడెవ్వడు? ఎవ్వడును లేడు. ఇరువురును భక్తులే. ఎదుటివాని పూజావిధానమును అపచారమని తలచుటయే దోషము. ఒకే స్వామిని కొలుచు రెండు కుటుంబములు, రెండు మఠములు ఆచారభేదము చేత మాటలు మానుకొన్నచో, అచ్చట ఆడబడుచున్నది ఈ నాటకమే. పాము, ఏనుగు అజ్ఞానముచే చేసిన పనిని శాస్త్రమెరిగిన మనుష్యుడు చేసినచో వానికి క్షమ యెట్లు లభించును?

మరియొక విషయము. రాతి నాగునకు పాలు పోసి, ప్రాణమున్న నాగును చంపు లోకరీతిని బసవేశ్వరుడు వచనములలో ఖండించెను. రంగస్థలముపై వృషభమునకు మ్రొక్కి, వీధిలో బక్కచిక్కిన యెద్దును ముల్లుకర్రతో పొడుచుటయు అట్టిదే. గంగిరెద్దునకు బట్ట కప్పుట పుణ్యమే. దానికి గడ్డి, నీరు, నీడ చూపుట అంతకంటె పుణ్యము. దయ లేనిచోట నంది విగ్రహము రాయి మాత్రమే.

కావున పిల్లలకు ఈ కథలు చెప్పునప్పుడు అద్భుతముతో ఆపరాదు. కుక్క యేమి పలికెనో, పాము ఏనుగులు ఏల పోరెనో వారిచే చెప్పింపవలెను. పశువు పాత్రమై నేర్పిన పాఠము నడవడిలో కనబడిననాడే ఆ నాటకము సఫలమగును.