కంప్రెసర్ మార్చే ముందు తెలుసుకోవలసినవి: చిరంజీవికి ఒక లేఖ

అనంతపురం



కారు ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసిందనీ, కంప్రెసర్ పోయిందని మెకానిక్ చెప్పగా కొత్తది తెప్పించి ఇంటి ముంగిట్లోనే బిగించుకోవాలని చిరంజీవి నిశ్చయించుకున్నాడనీ ఇంట్లోవారి మాటల వల్ల తెలిసింది. పనిని స్వయంగా నేర్చుకోవాలన్న పట్టుదల మెచ్చదగినదే. అయితే పాత కంప్రెసర్ ఎందుకు చెడిందో తేల్చుకోకుండా కొత్తది బిగించడం, బోరులో నీరు ఉన్నదో లేదో చూడకుండా, కాలిన మోటారుకు వైండింగ్ చేయించి మళ్లీ దింపడం వంటిది. నీరు అందక తిరిగిన మోటారు కాలిపోయినట్లే, గ్యాసూ ఆయిలూ అందక తిరిగిన కంప్రెసర్ అరిగి బిగుసుకుపోతుంది. కారణం అలాగే ఉండిపోతే కొత్త దానికీ అదే గతి పడుతుంది. ఈ లేఖలోని సలహాలన్నింటికీ ఈ మాటే ఆధారం.

ముందుగా ఏసీ పనిచేసే తీరు తెలియాలి. కంప్రెసర్ అనేది ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ, తక్కువ ఒత్తిడితో వచ్చిన గ్యాస్‌ను అదిమి, దాని ఒత్తిడినీ వేడినీ పెంచే పంపు. అలా వేడెక్కిన గ్యాస్, రేడియేటర్‌కు ముందు ఉండే కండెన్సర్ అనే జాలిలో తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్రయ్యర్ అనే చిన్న డబ్బాలో తేమను వదులుకొని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారిలో ఒక్కసారిగా ఒత్తిడి కోల్పోయి, డాష్‌బోర్డు వెనుక ఉండే కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాగుకొని, తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. కంప్రెసర్ లోపలి భాగాలను తడిపే ఆయిల్ కూడా ఈ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది కనుక, గ్యాస్ కారిపోతే చల్లదనం తగ్గడంతో ఆగదు, కంప్రెసర్‌కు ఆయిల్ కూడా కరువవుతుంది.

పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో, సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ మెట్ట ప్రాంతంలో కంప్రెసర్‌కు మరో గండం కూడా ఉంది. కండెన్సర్ వేడిని వదలాలంటే అది బయటి గాలికంటే వేడిగా ఉండక తప్పదు. మే నెలలో గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు, శుభ్రంగా ఉన్న కండెన్సర్‌లో గ్యాస్ సుమారు 60 డిగ్రీల దగ్గర ద్రవమవుతుందనుకుంటే, చాలా కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్‌కు ఆ వేడి దగ్గర ఒత్తిడి దాదాపు 230 పీఎస్ఐ ఉంటుంది. దుమ్ము పట్టి గాలి ఆడక అదే 70 డిగ్రీలకు పెరిగితే ఒత్తిడి 290 దాటుతుంది. ఎర్రనేలల ధూళి, తాడిపత్రి వైపు నాపరాళ్ల పొడి, వేరుశనగ నూర్పిళ్లలో ఎగిరే పొట్టు, ఆషాఢపు గాలికి లేచే దుమారం, ఇవన్నీ కండెన్సర్ రెక్కల సందుల్లోనే చేరతాయి. ఒత్తిడి పెరిగినకొద్దీ కంప్రెసర్ ఎక్కువ బరువు మోస్తూ, ఎక్కువ వేడెక్కుతూ, తన ఆయిల్‌ను తానే పాడుచేసుకుంటుంది. అందుచేత చిరంజీవి మొదట చేయవలసింది, చల్లారిన ఇంజిన్ దగ్గర కూర్చొని కండెన్సర్‌ను పరీక్షించి, రెండు బిందెల నీటితో మెల్లగా కడగడం; ప్రెషర్ వాషర్ ధారను దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. దాని వెనుక ఫ్యాను సరైన వేగంతో తిరుగుతున్నదో లేదో కూడా అప్పుడే చూడాలి.

ఆ తరువాత కంప్రెసర్ నిజంగా చెడిందా అన్నది తేల్చాలి. పుల్లీకి కంప్రెసర్ ఇరుసును అవసరమైనప్పుడు కలిపి, అక్కరలేనప్పుడు విడదీసే భాగాన్ని మ్యాగ్నెటిక్ క్లచ్ అంటారు. ఏసీ బటన్ నొక్కినా ఈ క్లచ్ అతుక్కోకపోతే, ఫ్యూజు కాలి ఉండవచ్చు, రిలే చెడి ఉండవచ్చు, లేదా గ్యాస్ తగ్గినందువల్ల ప్రెషర్ స్విచ్ కరెంటును ఆపి కంప్రెసర్‌ను కాపాడుతూ ఉండవచ్చు. వీటిలో దేనికీ కంప్రెసర్ మార్చడం మందు కాదు. మోత వస్తున్నట్లయితే పుల్లీ బేరింగ్ ఒక్కటి మారిస్తే సరిపోయే సందర్భాలూ ఉన్నాయి. గేజి సెట్టు తగిలించి ఇంజిన్ నడిపినప్పుడు, క్లచ్ అతుక్కొని ఉన్నా తక్కువ ఒత్తిడి వైపు ముల్లు ఉండవలసినదానికంటే పైనా, ఎక్కువ ఒత్తిడి వైపు ముల్లు కిందా నిలిచి, రెండూ దగ్గరదగ్గరగా ఉంటే, అప్పుడు కంప్రెసర్ అదిమే శక్తిని కోల్పోయిందని అనుమానించవచ్చు. పైపుల అతుకుల దగ్గర జిడ్డుగా తడిసి దుమ్ము అంటుకున్న మరకలు గ్యాస్ కారే చోటును చూపిస్తాయి, ఎందుకంటే గ్యాస్ వెళ్లిన దారినే ఆయిల్ కూడా బయటకు వస్తుంది.

కారు హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ అయితే ఈ పనిని ఇంట్లో తలపెట్టనే కూడదు. వాటి కంప్రెసర్ సాధారణంగా ప్రాణాంతకమైన హై వోల్టేజితో నడుస్తుంది. నారింజ రంగు కేబుళ్లు ఆ హెచ్చరిక కోసమే ఉంటాయి. బెల్టుతో నడిచే కంప్రెసర్ విషయంలోనూ పనిని రెండుగా విడదీయాలి: బోల్టులు విప్పి బిగించడం ఇంట్లో చేయదగిన పని, గ్యాస్ తీయడమూ నింపడమూ యంత్రం ఉన్న ఏసీ వర్క్‌షాపు వారికి అప్పగించదగిన పని. వాతావరణ ఒత్తిడిలో ఆర్-134ఏ సున్నాకు దిగువన 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక, పైపు వదులు చేసినప్పుడు చిమ్మే ద్రవం చర్మాన్ని గడ్డకట్టించగలదు, కంటిచూపును తీయగలదు. నిప్పు తగిలితే అదే గ్యాస్ విషవాయువులుగా విడిపోతుంది.

గ్యాస్‌ను గాలిలోకి వదలకూడదనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. పూర్వం కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరను తినేస్తున్నదని తేలడంతో 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు గానీ, నూరేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటే దాదాపు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఈ రకం వాయువులను క్రమంగా తగ్గించాలన్న 2016 నాటి కిగాలి సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. చిన్న కారులో పట్టే 400 గ్రాముల గ్యాస్‌ను ముంగిట్లో వదిలేస్తే, అరటన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువును వదిలినంత చేటు. వానకూ ఎండకూ మధ్య బతుకు ఇంత సన్నని గీత మీద నడిచే నేలపై పుట్టినవాడు ఆ పని చేయకూడదు.

గ్యాస్‌ను యంత్రంతో తీయించాక, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతున్నదో కాగితం మీద గీసుకొని, ఆ తరువాతే పనికి దిగాలి. గాలి లేవని తెల్లవారుజామున, నేలను తడిపి దుమ్ము అణిచి పని చేయడం మేలు. పైపు విప్పిన మరుక్షణమే దాని నోటిని శుభ్రమైన మూతతో మూయాలి. పాత కంప్రెసర్‌లోని ఆయిల్‌ను గాజు గ్లాసులోకి వంపి చూస్తే అసలు కథ అక్కడ తెలుస్తుంది. ఆయిల్ తేటగా ఉంటే వ్యాధి కంప్రెసర్ వరకే పరిమితమైందని ఆశించవచ్చు. నల్లబడి అందులో లోహపు రజను మెరుస్తూ ఉంటే, ఆ రజను కండెన్సర్ సన్నని గొట్టాలలోకి కూడా చేరి ఉంటుంది. నేటి కండెన్సర్ల గొట్టాలను కడిగి శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం కనుక, కండెన్సర్‌నూ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌నూ కూడా మార్చక తప్పదు. డ్రయ్యర్‌నూ, విప్పిన ప్రతి అతుకు దగ్గరి ఓ-రింగునూ మాత్రం ఏ స్థితిలోనైనా కొత్తవి వేయాలి.

ఆయిల్ విషయంలో ఉజ్జాయింపు పనికిరాదు. పాత దానిలో నుంచి ఎంత వచ్చిందో కొలిచి, కొత్త కంప్రెసర్‌లో కర్మాగారం వారు ముందే పోసి ఉంచినదాన్ని కూడా కొలిచి, తయారీదారు మాన్యువల్‌లోని పట్టిక ప్రకారం సరిచేయాలి; తక్కువైతే కంప్రెసర్ అరుగుతుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. ఆర్-134ఏతో వాడే పీఏజీ రకం ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, డబ్బా మూత తెరిచి ఉంచకూడదు. బిగించాక ఇరుసును చేత్తో కొన్ని చుట్లు తిప్పితే, సిలిండర్లలో నిలిచిన ఆయిల్ పక్కకు తొలగుతుంది.

చివరి దశ వాక్యూమ్, అంటే పంపుతో లోపలి గాలినీ తేమనూ పూర్తిగా లాగివేయడం. గేజి సముద్రమట్టంలో 29.9 పాదరసపు అంగుళాల దాకా వెళ్లగలదు గానీ, సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో గాలి ఒత్తిడే తక్కువ కనుక 28.7 దగ్గరే నిలుస్తుంది, ఇంకా ఎత్తున ఉన్న హిందూపురం, మడకశిరలలో మరికొంత కిందనే ఆగుతుంది. దానిని లీకు అని భ్రమపడనక్కరలేదు. ఇక్కడ ఎండ కూడా మేలే చేస్తుంది, ఎందుకంటే వేడెక్కిన పైపులలో మిగిలిన తేమ ఆ శూన్యంలో త్వరగా ఆవిరైపోతుంది. ముప్పావు గంట లాగించి, పంపు ఆపి, అరగంట సేపు ముల్లు కదలకుండా ఉంటేనే గ్యాస్ నింపమనాలి. కార్ల కర్మాగారాలలో గ్యాస్‌ను ముల్లు చూసి కాక తూకం వేసి నింపుతారు; బానెట్ కింద అంటించిన చీటీ మీద ఉన్న గ్రాముల లెక్కనే వర్క్‌షాపులోనూ పాటించమని చిరంజీవి నిలబడి చేయించుకోవాలి.

పని ముగిశాక తేదీనీ, పోసిన ఆయిల్ కొలతనూ, నింపిన గ్యాస్ తూకాన్నీ, పాత కంప్రెసర్ చెడడానికి తేలిన కారణాన్నీ ఒక చీటీ మీద నాలుగు గడులలో రాసి సర్వీసు పుస్తకంలో దాచాలి. ఆ నాలుగో గడి ఖాళీగా మిగిలిందంటే, పని ఇంకా పూర్తి కాలేదని చిరంజీవి గ్రహించాలి. అది నిండిననాడు, కొత్త కంప్రెసర్ చాలా వేసవులు పనిచేస్తుందన్న నమ్మకంతో నిశ్చింతగా ఉండవచ్చు.

శుభం భూయాత్.

ఇట్లు
చిరంజీవి మేలు కోరే మేనమామ