ఆటల కంప్యూటరు - ఏ భాగం దేనికి కుదురుతుంది?

పైన పేరు చూడగానే వార్డెన్ సార్ ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు. సార్, ఇది ఆడుకోమని చెప్పే వ్యాసం కాదు. విడిభాగాలు కొని కంప్యూటరు బిగించుకునేటప్పుడు ఏది దేనితో కలుస్తుంది, ఏది కలవదు అని చెప్పే పాఠం. మన కంప్యూటరు గదిలో మూలపడిన రెండింటి సంగతి కూడా చివర్లో ఉంది. దయచేసి అంతవరకు చదవండి.

వేసవి సెలవుల్లో విశాఖపట్నంలో మా పెద్దనాన్న కొడుకు దగ్గర ఇరవై రోజులు ఉన్నాను. అన్నయ్య గోడౌనులో పని చేస్తాడు. జీతంలో మిగిల్చుకుని నెలకొక భాగం చొప్పున తొమ్మిది నెలలు కొన్నాడు. అన్నీ మంచివే. కానీ ఒకదానితో ఒకటి కలుస్తాయా అని ముందు చూసుకోలేదు. నేను వెళ్ళేసరికి భాగాలన్నీ మంచం కింద ఉన్నాయి, కంప్యూటరు మాత్రం లేదు.

మొదట ప్రాసెసరు సంగతి. అన్నయ్య కొన్నది ఎ.ఎమ్.డి. వారి రైజెన్ 5 5600. దాని అడుగున సూదుల్లాంటి 1331 కాళ్ళు ఉంటాయి. అవి దిగే గూడును సాకెట్ అంటారు. ఈ సాకెట్ పేరు ఎ.ఎమ్.4. ఇదే కంపెనీ 2022లో తెచ్చిన ఎ.ఎమ్.5 సాకెట్ లో 1718 స్పర్శలు ఉంటాయి, సూదులు ప్రాసెసరుకు కాకుండా బోర్డుకే ఉంటాయి. కాబట్టి ఒకదానిది ఇంకోదానిలో ఎక్కదు. ఇంటెల్ వారివి మరీ తికమక. వారి 6, 7 తరాల ప్రాసెసర్లకు, 8, 9 తరాల వాటికి సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది. లెక్క ఒకటే అని కొన్నామా, అయిపోయామే. 2017లో వచ్చిన 8వ తరం ప్రాసెసరు పాత 1151 బోర్డులో పనిచేయదు. గూడు పేరు ఒక్కటే చూస్తే చాలదు, బోర్డు కంపెనీ తన వెబ్ సైటులో ఇచ్చే ప్రాసెసర్ల పట్టికలో మనది ఉందో లేదో చూడాలి.

అన్నయ్య బోర్డు బి450 రకం, సెకండ్ హ్యాండుది. సాకెట్ ఎ.ఎమ్.4 కనుక ప్రాసెసరు చక్కగా కూర్చుంది. మూల మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, దాన్ని గూడు మీది త్రికోణంతో కలిపి పెట్టి వదిలేస్తే దానంతటదే దిగుతుంది. నొక్కకూడదు. నొక్కితే సూదులు వంగుతాయి.

ఇక అసలు దెబ్బ ర్యామ్ దగ్గర తగిలింది. దుకాణంలో "కొత్తది, ఫాస్టుగా ఉంటుంది" అని డి.డి.ఆర్.5 ర్యామ్ లు రెండు అంటగట్టారు. బోర్డు ఏదో అడగనూ లేదు, అన్నయ్య చెప్పనూ లేదు. బి450 బోర్డు డి.డి.ఆర్.4 మాత్రమే తీసుకుంటుంది. రెండింటికీ స్పర్శలు 288 చొప్పునే, పొడవూ ఒకటే. కానీ మధ్యలో ఉండే గాటు వేరే చోట ఉంటుంది. పొరపాటున పెట్టకుండా ఆ గాటు అలా చేశారు. అన్నయ్య పెడితే దిగలేదు. "గట్టిగా నొక్కు తమ్ముడూ" అన్నాడు. నేను నొక్కలేదు, అదే మంచిదయింది. డి.డి.ఆర్.4కు కావలసింది 1.2 వోల్టులు, డి.డి.ఆర్.5కు 1.1. డి.డి.ఆర్.3 అయితే 1.5, దానికి స్పర్శలు 240. అన్నీ వేరువేరు జాతులు. వెనక్కి ఇవ్వబోతే "సీలు తీసేశారు కదా బాబూ, తీసుకోము" అన్నారు. మూడు నెలల మిగులు అలా పోయింది. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదు.

తరువాతి నెల జీతం వచ్చాక డి.డి.ఆర్.4 రెండు కొన్నాము. ఒకే పెద్దది కంటే సమానమైన రెండు మేలు, ఎందుకంటే రెండు దారుల్లో సమాచారం వెళుతుంది. నాలుగు గూళ్ళు ఉంటే సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగానికే దిగిపోతాయి, మన సామూహిక పరుగులో నెమ్మదివాడి కోసం అందరూ ఆగినట్టు.

అయినా డిస్ ప్లే రాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. దీనికి రెండు కారణాలు. ఒకటి, రైజెన్ 5 5600లో బొమ్మ గీసే భాగం లేదు. అన్నయ్య తెర తీగను బోర్డుకు పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. పేరు చివర జి ఉన్న 5600జి అయితే బోర్డుకు పెట్టినా వస్తుంది. ఇంటెల్ లో చివర ఎఫ్ ఉంటే బొమ్మ రాదు. ఒక్క అక్షరం తేడా, వ్యాకరణంలో లాగే! రెండో కారణం బయోస్. ఇది బోర్డులోపల ఉండే చిన్న ప్రోగ్రాము, కరెంటు ఇవ్వగానే మొదట లేచేది ఇదే. బి450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 వరుస 2020 నవంబరులో వచ్చింది. పాత బయోస్ కు ఈ కొత్త చుట్టం ఎవరో తెలియదు. ఇంకో దుకాణంలో పాత ప్రాసెసరు పెట్టి, పెన్ డ్రైవుతో బయోస్ అప్ డేట్ చేసి ఇచ్చారు.

అన్నయ్య కార్డు రేడియన్ ఆర్.ఎక్స్. 6600. ఆటల కంప్యూటరుకు కార్డు ఎందుకంత ముఖ్యమో లెక్క చూడండి. మామూలు తెర మీద 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు. సెకనుకు 60 బొమ్మలైతే 12 కోట్ల పైన చుక్కలకు సెకనులో రంగు వేయాలి. తెర 60 హెర్ట్జ్ ది అయితే కార్డు 150 బొమ్మలు గీసినా తెర సెకనుకు 60 సార్లే మార్చి చూపగలదు. కాబట్టి ఖరీదైన కార్డు కొనేముందు తెర చూసుకోవాలి. కార్డు పెట్టే పొడవాటి పి.సి.ఐ.ఇ. గూడు దగ్గర మాత్రం పాతకొత్తల గొడవ లేదు. కొత్త కార్డు పాత గూట్లో తక్కువ వేగంతో నడుస్తుంది.

ఇప్పుడు కరెంటు. అందరూ తేలికగా తీసుకునేది ఇదే, మంటలు పుట్టేది కూడా ఇక్కడే. క్యాబినెట్ తో పాటు ఎస్.ఎమ్.పి.ఎస్. ఊరికే వచ్చింది, దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. పక్కన ఉన్న చీటీ నేను చదివాను. 12 వోల్టుల వరుసలో 16 ఆంపియర్లు అని ఉంది. 10వ తరగతి భౌతికశాస్త్రంలో సామర్థ్యం అంటే వోల్టులు × ఆంపియర్లు అని చదివాము కదా. 12 × 16 = 192 వాట్లు. ప్రాసెసరుకు, కార్డుకు పోయేది ముఖ్యంగా ఈ 12 వోల్టుల కరెంటే. కార్డుకు 132, ప్రాసెసరుకు 65, మొత్తం 197. ఫ్యాన్లు, డిస్కు లెక్కలో వేయకుండానే దాటిపోయింది! బోర్డు గూడు నుంచి కార్డుకు 75 వాట్లు వరకే అందుతుంది, మిగతాది 8 పిన్నుల తీగ ద్వారా రావాలి. ఆ ఊరికే వచ్చిన దానికి ఆ తీగే లేదు. ప్రాసెసరుకు పెట్టే 8 పిన్నుల తీగ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ లోపలి వరుస వేరు. దాన్ని కార్డుకు బలవంతంగా దూర్చకూడదు.

ఈ లెక్క అన్నయ్యకు కాగితం మీద వేసి చూపించాను. మాట్లాడలేదు. మర్నాడు వెళ్ళి మంచి కంపెనీది, 12 వోల్టుల వరుసలోనే 500 వాట్లకు పైగా ఉన్నది వాయిదాల మీద తెచ్చాడు. నేను వచ్చే ముందు రోజు రాత్రి తెర వెలిగింది. ఆట ఆడకుండా ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాము.

మిగతావి చిన్నవి. బోర్డు సైజు, కార్డు పొడవు క్యాబినెట్ లో పడతాయో లేదో స్కేలుతో కొలవాలి. ఎ.టి.ఎక్స్. బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఎ.టి.ఎక్స్. 244 × 244. చిన్న పెట్టెలో పెద్ద బోర్డు పట్టదు. ఎమ్.2 డిస్కుల్లో సాటా, ఎన్.వి.ఎమ్.ఇ. అని రెండు రకాలున్నాయి, బోర్డు పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే.

ఇక మన కంప్యూటరు గది. సైన్స్ సార్ అనుమతితో, ప్లగ్గు పీకి, ఒకదాని మూత తీసి చూశాను. ఆన్ చేస్తే కూతలు వేస్తోంది కదా, ర్యామ్ తీసి రబ్బరుతో స్పర్శలు తుడిచి పెట్టినా కూతలు ఆగలేదు. పక్కనున్న మంచి కంప్యూటరు ర్యామ్ ఇందులో పెడితే లేచింది. అంటే ర్యామ్ పోయింది. దాని చీటీ మీద పి.సి.3 అని ఉంది, అంటే డి.డి.ఆర్.3. పి.సి.4 అని ఉంటే డి.డి.ఆర్.4 అని అర్థం. కొత్త ర్యామ్ తెప్పిస్తారని విన్నాను. డి.డి.ఆర్.3, డెస్క్ టాప్ ది, పొడవుది అని కాగితం మీద రాసి పంపవలెను. ల్యాప్ టాప్ ది పొట్టిగా ఉంటుంది, పట్టదు. వీలైతే పాత ర్యామ్ నే జేబులో వేసుకుని వెళ్ళి చూపించి తేవాలి.

రెండో దాని స్క్రూ తుప్పు పట్టి రాలేదు. అది తెరిచి చూసేవరకు దానికి ఏ భాగమూ తెప్పించవద్దని వార్డెన్ సార్ కు మనవి.