చదువుకు చట్టం తోడు

విద్యను దయతో ముడిపెట్టి చెప్పడం మన సమాజానికి చిరకాలపు అలవాటు. అన్నదానం వలె విద్యాదానం కూడా పుణ్యకార్యంగా పరిగణన పొందింది. దాత ఉదారుడైతే బడి నడిచేది. గురువు శాంతస్వభావుడైతే పిల్లల వీపులు చిట్లేవి కావు. కాని దయ అందరి గుమ్మాలకూ చేరదు. చదువు హక్కు కావాలంటే శాసనం ఉండాలి. ఆ శాసనం పల్లె బడి దాకా రావాలంటే ధనం ఉండాలి.

ఈ సంగతిని ముందుగా గ్రహించిన వారిలో గోపాలకృష్ణ గోఖలే ఒకరు. బాలురకు ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇవ్వాలని కోరుతూ ఆయన 1911లో ఇంపీరియల్ శాసనమండలిలో ఒక బిల్లును ప్రవేశపెట్టారు. మరుసటి ఏడు దానికి 13 మంది మద్దతు తెలుపగా 38 మంది వ్యతిరేకించారు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 45వ అధికరణం, పద్నాలుగేండ్ల లోపు పిల్లలందరికీ పదేండ్లలోగా ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలని ప్రభుత్వాలకు నిర్దేశించింది. అది ఆదేశిక సూత్రం మాత్రమే. గడువు దాటినా న్యాయస్థానంలో నిలదీసే వీలు లేదు.

ఆ వీలు కల్పించిన తీర్పు ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన వ్యాజ్యంలో రావడం విశేషం. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల వివాదంలో, 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసు తీర్పు వెలువరించింది. పద్నాలుగేండ్ల వరకు ఉచిత విద్య ప్రాథమిక హక్కని, ఆపై చదువు ప్రభుత్వ ఆర్థికశక్తికి లోబడి ఉంటుందని పేర్కొన్నది. 2002లో 86వ సవరణ ద్వారా 21-ఎ అధికరణం ఏర్పడింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాక, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం లేనిదే చదువు రాదన్న పాత నమ్మకానికి అది శాసనం ఇచ్చిన సమాధానం.

అయితే ఆకలితో ఉన్న పిల్లవానికి హక్కుపత్రం చేతికిచ్చి ప్రయోజనమేమి? తమిళనాడు 1982లోనే బడిలో భోజనాన్ని విస్తృతంగా అమలు చేసింది. కేంద్రం 1995లో పథకాన్ని ఆరంభించినా, పలు రాష్ట్రాలలో పిల్లలకు అందినవి ముడి గింజలే. అవి ఇంటికి చేరి కుటుంబమంతటికీ పంపకమయ్యేవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 200 రోజులు అని లెక్క కూడా కట్టింది. కరుణకు కొలత ఏమిటని కొందరికి తోచవచ్చు. కొలత లేని కరుణ నీళ్ల చారుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఈ భోజనం మొదలైంది. వేర్వేరు కులాల పిల్లలు ఒకే పంక్తిలో కూర్చుని తినడం బడి నేర్పిన మరొక పాఠం. వంటపనిలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో కోర్టు చెప్పవలసి వచ్చిందంటే, ఆ పాఠం ఎంత కష్టమైనదో ఊహించవచ్చు. ఆ వంటవారికి కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవవేతనం నెలకు వెయ్యి రూపాయలు. పిల్లల కడుపు నింపే చేతులకు ఇంత తక్కువ విలువ కట్టడం ఈ పథకానికి మచ్చ.

విద్యపై జాతీయాదాయంలో 6 శాతం వెచ్చించాలని 1966లోనే కొఠారీ కమిషన్ సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం అదే అంకెను మరల పేర్కొన్నది. నడుమ గడిచిన అర్ధ శతాబ్దిలో దేశం ఆ మెట్టు ఎక్కలేదు.

ఇక ఇంటర్మీడియట్ విద్యార్థి సంగతి వేరు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేండ్లతో ఆగిపోతుంది. మార్కుల ఒత్తిడి మొదలయ్యేది సరిగ్గా ఆ గీత దాటిన తరువాతనే. విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు కొన్ని మార్గదర్శకాలను జారీ చేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన మానసిక సలహాదారు ఉండాలని, మార్కులను బట్టి విద్యార్థులను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయరాదని, నలుగురిలో అవమానించరాదని అందులో ఉన్నది. తగిన చట్టం వచ్చే వరకు ఇవే అమలులో ఉండాలని కూడా ఆ తీర్పు నిర్దేశించింది.