నర్సమ్మ

వినుకొండ పట్టణమునకు తలమీది కిరీటమువలె కొండయు, ఆ కొండపై రామలింగేశ్వరాలయమును గలవు. చుట్టును ప్రత్తి చేలు, మిరప తోటలు. 2022వ సంవత్సరమున పల్నాడు జిల్లా యేర్పడువరకు ఈ ప్రాంతము గుంటూరు జిల్లాలో నుండెను. ఇచ్చటి పల్లెలలో వైద్యుని ముఖ మెరుగని వారుందురేమో గాని, బిడ్డలకు టీకాలు వేయుటకును, గర్భిణుల నారయుటకును వచ్చు ఏ.ఎన్.ఎం.ను ఎరుగని వారుండరు. ఆమెను జనులు ‘నర్సమ్మ’ యని పిలుతురు.

ఆ పిలుపులో గౌరవ మున్నది. అయినను కన్నకూతురు తాను నర్సు నగుదునన్నచో తలిదండ్రులు వెనుదీసిన కాలము మిక్కిలి దూరమైనది కాదు. పరుల శరీరమును తాకవలెను. మలమూత్రముల నెత్తవలెను. రాత్రులు ఇల్లు విడిచి యుండవలెను. కులమర్యాదలను గట్టిగా పాటించు ఇండ్లలో ఈ మూడును దోషములుగనే తోచెను. అంటరానితనమును కవిత్వముతో నెదిరించిన గుఱ్ఱం జాషువ 1895లో జన్మించినది ఈ వినుకొండలోనే. మనుష్యుని మనుష్యుడు తాకరాదను చోట, తాకుటయే పనిగా గల వృత్తికి ఎవరు ముందునకు రాగలరు?

1883లో అన్నా కుగ్లర్ అను వైద్యురాలు అమెరికానుండి గుంటూరు చేరెను. 1898లో ఆమె పూనికతో అచ్చట ఆసుపత్రి వెలసెను. దేశమంతటను తొలినాళ్లలో నర్సు శిక్షణకు వచ్చిన బాలికలలో క్రైస్తవ కుటుంబములవారే అధికులు. తక్కిన వారు చాలకాలము దూరముననే నిలిచిరి.

1946లో భోర్ సంఘము తన నివేదిక నొసగునాటికి దేశమున నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్కరు! జీతము స్వల్పము, వసతి హీనము, పని భారము. ఇట్టి వృత్తికి రమ్మని ఉపన్యసించినంత మాత్రమున ఎవరు వత్తురు? 1947లో నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చెను. దానివలన శిక్షణకు ఒకే ప్రమాణ మేర్పడెను. 1950 తరువాత కొలదికాలమునకే ఏ.ఎన్.ఎం. శిక్షణ మొదలయ్యెను. ఉన్నత పాఠశాల చదువు ముగియని బాలికలకును అందు ప్రవేశము దొరకెను. శిక్షణలో నున్నవారికి వసతిగృహమును, నెలనెల కొంత భృతియు లభించుచుండెను. ఆదర్శములను గూర్చిన ఉపదేశములకంటె ఆ కొద్దిపాటి రొక్కమే పెక్కు పేద కుటుంబములను ఒప్పించెననుట సత్యము. ఇందు సిగ్గుపడవలసినది లేదు. వానపై నాధారపడిన మెట్టరైతు ఇంట, నెలకొకమారు తప్పక వచ్చు జీతము చిన్న విషయమా?

నేడు ఏ.ఎన్.ఎం. శిక్షణకు ఇంటర్మీడియెట్ చదువు కావలెను. 2023లో కేంద్ర ప్రభుత్వము వైద్య కళాశాలల చెంతనే 157 నర్సింగ్ కళాశాలలను నెలకొల్ప నిశ్చయించెను. శిక్షణ పొందినవారిలో పలువురు గల్ఫు దేశములకును, బ్రిటనుకును తరలిపోవుచున్నారు. వారిని నిందించుట సులభము. కాని రాత్రివేళ వార్డునంతటిని ఒంటిగా చూచుకొను నర్సునకు మరియొక తోడు నిచ్చినప్పుడుగదా ఉండుమని యడుగుటకు మనకు నోరుండును!

పల్లెలో బుధ, శనివారములు టీకాల దినములు. మంచుపలకల నడుమ మందుసీసాలుంచిన పెట్టెను భుజమునకు తగిలించుకొని నర్సమ్మ ఉదయముననే బయలుదేరును. మిరపకాయలు కోయు తల్లులు చేలకు పోకమునుపే ఆమె వారి యిండ్లు చేరవలెను.